సిబ్బంది సహకారంతో

ప్రశంసాపత్రాలు ఇరవై మూడు రాయాలి. సభ గురువారం. ఫైలు సోమవారం మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వచ్చి మైకు మేడమ్ బల్ల మీద పడింది.

విశ్వవిద్యాలయంలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఏ సభ జరిగినా మైకు ఆమె చేతికే ఇస్తారు కాబట్టి వైస్ ఛాన్సలరు నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె మైకు మేడమే. భాషా శాఖలో పదహారేళ్లుగా కాంట్రాక్టు లెక్చరరు. ఏటా వేసవిలో ఒక కాగితం వస్తుంది, ఆమె సంతకం పెడుతుంది, ఇంకో ఏడాది గడుస్తుంది.

ప్రతిభా దినోత్సవం నాడు ఆ ఏడాది బహుమతులు, ర్యాంకులు తెచ్చుకున్న విద్యార్థులను, పరిశోధనలు చేసిన అధ్యాపకులను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి, ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెడతారు. ఫ్రేములో పట్టేది ఎనిమిది పంక్తులు. తొమ్మిదో పంక్తి వస్తే చెక్క కిందికి పోతుంది. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది ఆమె ఒక ప్రొఫెసరు గారి పేటెంటును చెక్క కింద పెట్టింది. ఆయన ఆరు నెలలు పలకరించలేదు. అప్పటి నుంచి పెన్సిలుతో పక్కన అంకెలు వేసుకుంటూ రాస్తుంది.

తేలికైనవి ముందు తీసింది. పరుగు పందెం, ఈత, వక్తృత్వం. ఈ పిల్లలు రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. వాళ్లని పొగడటానికి ఆమే మాటలు వెతకాలి. అధ్యాపకుల దరఖాస్తులతో వచ్చే కష్టం వేరు. నలభై పేజీల నుంచి ఎనిమిది పంక్తులు పిండాలి. ‘నిరంతర కృషి’ ఎంతమందికి వాడిందో, ‘అంకితభావం’ ఎంతమందికి వాడిందో ఒక చీటీ మీద గీతలు పెట్టుకుంటుంది. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి ఒకే మాట పడకూడదు.

పదకొండో దరఖాస్తు పొడుగమ్మాయిది. గణితంలో విశ్వవిద్యాలయం మొత్తానికి మొదటి స్థానం. ఆ పేరు చూసి మైకు మేడమ్‌కి కొంచెం హాయి అనిపించింది. మూడేళ్ల కిందట తను నడిపే ఉదయపు చదువు తరగతికి వచ్చి, పాఠ్యపుస్తకంలో నాలుగు పంక్తులు చదవమంటే చెమటలు కక్కిన పిల్ల. లెక్క ఇస్తే చేసేసేది, లెక్కని మాటల్లో అడిగితే అర్థమయ్యేది కాదు. దరఖాస్తు చివర ‘మీ విజయానికి తోడ్పడినవారు’ అన్న గడిలో ఆ పిల్ల ముగ్గురి పేర్లు రాసింది. ఒకటి వాళ్లమ్మ. ఒకటి లెక్కల మాస్టారు. మూడోది లైబ్రరీ అటెండరు పేరు, ఇంటిపేరుతో సహా. అన్నీ పెడితే ఎనిమిదిన్నర పంక్తులయ్యాయి. మైకు మేడమ్ మూడో పేరు కొట్టేసి ‘గ్రంథాలయ సిబ్బంది సహకారంతో’ అని రాసింది. అర పంక్తి కలిసొచ్చింది. కాగితం తిప్పి తరవాతది తీసుకుంది.

పందొమ్మిదోది శాఖాధిపతిది. ఉత్తమ అధ్యాపకుడు.

రెండో పేజీలో ఉంది. ‘చదవడంలో వెనుకబడిన విద్యార్థుల కొరకు ఉదయం ఎనిమిది గంటల పఠన తరగతిని స్థాపించి, ఆరు సంవత్సరాలుగా స్వయంగా నిర్వహిస్తున్నారు.’ ఆమె రెండుసార్లు చదివింది. కింద ఒక ఫొటో అతికించి ఉంది. శాఖాధిపతి బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన ఆ గదికి వచ్చింది ఆ ఒక్కసారే, ఆ ఫొటో కోసమే. ఫొటో అంచున ఎవరిదో ఒక మోచెయ్యి పడింది. ఆ మోచెయ్యి తనది.

మర్నాడు పొద్దున భర్త టీ తాగుతూ చిత్తుప్రతులు తిరగేశాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో గ్రీజు పోదు కాబట్టి కాగితాలను వేళ్ల వెనక వైపుతో జరుపుతాడు.

“ఇన్ని అంకితభావాలు ఒకే హాల్లో పెడితే కప్పు కూలుద్దేమో చూసుకో,” అన్నాడు.

ఆమె నవ్వలేదు. పందొమ్మిదో కాగితం తీసి ఇచ్చింది. అతను చదివి, ఆమె మొహం చూసి, మళ్లీ చదివాడు.

“ఇది నీ క్లాసు కదా.”

“నాదే.”

“మరి అడుగు.”

“అడిగితే?”

“చెప్పడు. కానీ అడిగినట్టు ఉంటది.” కాగితం జాగ్రత్తగా కట్టలో పెట్టాడు. “డిపోలో ఇంజనీరు గారు నేను బాగుచేసిన బండి ముందు నిలబడి ఫొటో దిగితే నేనేమీ అనను. బండి కదిలితే చాలు. నువ్వలా కాదుగా, నీకు మాట ఉంది.”

ఎనిమిదికల్లా ఆమె లైబ్రరీ కింద అంతస్తులో పాత పత్రికల గదికి చేరింది. పదకొండు మంది వచ్చారు. తలుపు అప్పటికే తీసి ఉంది, కుర్చీలు తుడిచి ఉన్నాయి. తాళాలక్క గోడ వైపు తిరిగి పాత పత్రికల కట్టల మీద దుమ్ము దులుపుతోంది. నడుముకి గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి ఆ అటెండరుని అందరూ తాళాలక్క అనే అంటారు. యాభై దాటిన మనిషి.

మైకు మేడమ్ బోర్డు మీద పేరా రాస్తూనే శాఖాధిపతితో అనబోయే మాటలు లోపల కూర్చుకుంటోంది. వెనక ఒక కుర్రాడు చదువుతున్నాడు. ‘ప్రత్యా... ప్రత్యామాయ...’

“ప్రత్యామ్నాయ,” అంది తాళాలక్క వెనక్కి తిరగకుండానే. “మ కింద న ఉంది చూడు. తొందరపడకు, అది ఎక్కడికీ పారిపోదు.”

కుర్రాడు మళ్లీ చదివాడు. తాళాలక్క గుడ్డ భుజాన వేసుకుని వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టింది. మైకు మేడమ్ చెవిలో అదంతా ఫ్యాను చప్పుడులా పడుతూనే ఉంది. ఆరేళ్లుగా పడుతూనే ఉంది.

శాఖాధిపతి పదకొండింటికి దొరికారు. ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ఆ పంక్తి మీద వేలు ఉంచింది.

“కూర్చోండి మేడమ్,” అన్నారు ఆయన. “మీరొస్తారనుకున్నాను.”

“క్లాసు నేను చెప్తున్నాను సార్.”

“నాకు తెలీదా? శాఖలో ఎవరికి తెలీదు?” ఆయన గొంతులో తడబాటు లేదు. “కాంట్రాక్టు వాళ్ల పేర్లు అవార్డు దరఖాస్తులో తీసుకోరు. గడే లేదు. మీ పేరు రాయలేను, ఎవరి పేరూ రాయకపోతే క్లాసు లేనట్టే. ఆ గది స్టోరుకి కావాలని లైబ్రరీ వాళ్లు రెండేళ్ల నుంచి అడుగుతున్నారు. నా పేరు మీద ఉంది కాబట్టి ఆగింది. మీ క్లాసుని కాపాడాననుకోండి.”

“‘స్వయంగా’ అని రాశారు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఫార్మాటు మేడమ్. ఆ మాట అందరూ రాస్తారు. వేసవిలో మీ రెన్యువల్ కాగితం కూడా నేనే పంపాలి, ఎప్పుడైనా ఆపానా?”

బెదిరింపులా లేదు. టీ తెప్పించనా అన్నట్టుగా ఉంది. ఆమె కాగితం తీసుకుని లేచింది. మెట్లు దిగి తన బల్ల దగ్గర కూర్చుని పందొమ్మిదో ప్రశంసాపత్రం రాయడం మొదలుపెట్టింది. ‘స్వయంగా’ తీసేద్దామా అని ఒక నిమిషం ఆలోచించి, అలాగే ఉంచింది. సరిగ్గా ఎనిమిది పంక్తులు వచ్చాయి. తను రాసిన వాటిలో అదే అన్నిటికన్నా బాగా కుదిరింది. ఆ సంగతి ఆమెకి మరీ కష్టంగా తోచింది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి హాల్లో రిహార్సలు. ఎవరు ఎటు నుంచి ఎక్కాలి, ఎటు దిగాలి, ఫ్రేము ఏ చేత్తో అందుకోవాలి అన్నీ చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. పిల్లలు తమ ప్రశంసాపత్రాల నకళ్లు చదువుకుని మురిసిపోతున్నారు. అందరూ వెళ్లాక పొడుగమ్మాయి ఒక్కతే ఆగిపోయింది. కాగితం ఛాతీకి ఆనించుకుని నిలబడింది.

“మేడమ్, ఒకటడగొచ్చా?”

“అడుగమ్మా.”

“నేను అక్క పేరు రాశానండి. కనబడలా.”

“చోటు చాల్లేదు. సిబ్బంది అని పెట్టాగా, అందులో ఆవిడా వస్తుంది.”

“లైబ్రరీలో పధ్నాలుగు మంది ఉన్నారు మేడమ్,” అంది ఆ పిల్ల. ఎదురు చెప్తున్నట్టు లేదు, లెక్క సరిచేస్తున్నట్టుంది. “నాకు చదవడం వచ్చింది అక్క వల్లే కదండీ.”

మైకు మేడమ్ వైర్లు చుడుతున్న చేతులు ఆగాయి.

“క్లాసులో నేను చెప్పలా?”

“చెప్పారండి. మీరు అందరికీ కలిపి చెప్పేవారు, నాకు సిగ్గేసి నోరు తెరిచేదాన్ని కాదు. తొమ్మిదింటికి మీరెళ్లిపోయాక అక్క నన్ను కూచోబెట్టి పాత పేపర్లు చదివించేది. ఒక ఏడాదంతా. నేనే కాదు, అందరినీ. తప్పు చదివితే వేలు కదపదు. సరిగ్గా చదివితే వేలు ముందుకి జరుపుద్ది. అంతే. మీకు తెలుసనుకున్నానండి.”

తనకి తెలియదా? ప్రతిరోజూ విన్నదే. తను బోర్డు తుడుస్తుంటే వెనక నడిచింది అదే. రెండు రోజులుగా శాఖాధిపతి మీద లోలోపల ఎన్ని మాటలు కూర్చిందో ఆ మాటలన్నీ ఇప్పుడు ఎదురు తిరిగి తన మొహం కేసి చూస్తున్నట్టయింది. ఆయనకి ఆ దరఖాస్తులో కనీసం ఒక సాకు ఉంది, గడి లేదు. తన చేతిలో గడీ ఉంది, అందులో పేరూ ఉంది. పెన్సిలుతో కొట్టేసింది. కొట్టేసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

“ఫ్రేములన్నీ కట్టేశారు,” అంది చివరికి. “ఇంక మార్చడానికి లేదు. చూస్తాను.”

“సరేనండి,” అని ఆ పిల్ల వెళ్లిపోయింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

గురువారం హాలు నిండింది. మైకు మామూలుగానే మొదట కీచుమంది. ఆమె పిలుస్తోంది, ఒక్కొక్కరే ఎక్కుతున్నారు, చదువుతోంది, చప్పట్లు, ఫొటో, తరవాతి పేరు. పదకొండో పేరు వచ్చేసరికి పొడుగమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. మైకు మేడమ్ కాగితం చూసి చదువుతూ, ‘గ్రంథాలయ సిబ్బంది’ అన్న చోట కాగితం మీంచి కళ్లు ఎత్తింది. తాళాలక్క పేరు ఇంటిపేరుతో సహా పలికి, ‘ఏడాది పాటు పక్కన కూర్చుని చదవడం నేర్పగా’ అని తన మాటల్లో పూర్తిచేసింది.

వెనక వరసల్లోంచి ముందు ఒకటి, తరవాత నాలుగు, తరవాత పెద్దగా చప్పట్లు లేచాయి. ఉదయపు తరగతి పిల్లలు. తాళాలక్క వెనక తలుపు దగ్గరే ఉంది, లైబ్రరీ మూసి చూడటానికి వచ్చినట్టుంది. ఆమె ముందు వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఆ పేరు గలవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు. తరవాత చప్పట్లు ఆగకముందే బయటికి వెళ్లిపోయింది.

పందొమ్మిదోది వచ్చినప్పుడు మైకు మేడమ్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. శాఖాధిపతి ఫ్రేము అందుకుని ఆమె వైపు తల ఊపారు. ఆమె తిరిగి ఊపింది. కోపం ఉంది కానీ సోమవారం నాటంత లేదు. ఎందుకు తగ్గిందో ఆమెకి తెలుసు, అందులో గొప్ప ఏమీ లేదు.

శనివారం ఉదయం పాత పత్రికల గది తలుపు మూసి ఉంది. పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తొమ్మిది దాటాక తాళాలక్క వచ్చింది. తలుపు తీయకుండా జాకెట్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి మైకు మేడమ్‌కి ఇచ్చింది.

‘అటెండరు హోదాలో ఉండి, విధి నిర్వహణ సమయములో, ఎట్టి అనుమతి లేకుండా బోధన చేయుచున్నట్లు ఇటీవలి సభలో వెల్లడైనది. ఇందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’ కింద గ్రంథాలయాధికారి సంతకం.

“నా పేరు ఎవరు చదవమన్నారు మేడమ్ మిమ్మల్ని?” అంది తాళాలక్క. గొంతు పెంచలేదు. “ఆరేళ్లు ఎవరి కంటా పడకుండా హాయిగా నడిచింది. రికార్డు అసిస్టెంటుగా ప్రమోషనుకి నా ఫైలు పోయిన నెలే పైకెళ్లింది. ఇప్పుడీ కాగితం దాని మీద కూచుంటది.”

“మంచి జరుగుతుందనుకున్నా అక్కా.”

“నాకా, మీకా?”

పిల్లలు లేచి నిలబడి వింటున్నారు. మైకు మేడమ్ వాళ్లని పంపేసి శాఖాధిపతి గదికి వెళ్లింది. గోడకి కొత్త ఫ్రేము వేలాడుతోంది, మేకు చుట్టూ సున్నం రాలి ఉంది. ఆయన మెమో చదివి తిరిగి ఇచ్చారు.

“అటెండరు విషయం లైబ్రరీ వాళ్లది మేడమ్. క్లాసు మన శాఖది. రెండూ కలిపితే క్లాసుకే ముప్పు. ఇందులో నన్ను లాగకండి. మీరు కూడా దూరంగా ఉంటే మంచిది.”

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె మళ్లీ కిందికి దిగింది. తాళాలక్క పత్రికల కట్టల మధ్య కూర్చుని డబ్బా మూత పెట్టేస్తోంది.

“సంజాయిషీ నేను రాసిస్తా,” అంది మైకు మేడమ్. తెల్లకాగితాలు తెచ్చింది. కూర్చోగానే రాయడం మొదలుపెట్టింది. ‘విద్యార్థుల పట్ల గల అంకితభావముతో...’

“ఏం రాస్తున్నారు?”

చదివి వినిపించింది. తాళాలక్క తల అడ్డంగా ఊపింది.

“ఆ మాట నాది కాదు. మెమో మీద సంతకం పెట్టినాయనకి తెలిసిపోద్ది ఎవరు రాశారో. నేను చెప్తా, మీరు రాయండి. నా రాత బాగుండదు.”

మైకు మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. తాళాలక్క కళ్లు మూసుకుని, ఒక్కో వాక్యం తూచి చెప్పింది.

‘నాకు పాఠం చెప్పడం రాదు. నేను ఏడో తరగతి చదివాను. ఈ గదిలో ఇరవై రెండేళ్ల నుంచి పాత పేపర్లు సర్దుతున్నాను. సర్దేటప్పుడు చదువుతాను. పిల్లలు తప్పు చదివితే నాకు తెలుస్తుంది. తెలిసినాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. నా డ్యూటీ తొమ్మిదిన్నరకి మొదలు. నేను ఏడున్నరకి వస్తాను. ఆ రెండు గంటలు నావి. ఆ రెండు గంటల్లో నేను ఎవరి పక్కన కూర్చోవాలో మెమోలో రాయలేదు.’

మైకు మేడమ్ ఒక్క మాట మార్చకుండా రాసింది. పదహారేళ్లలో ఆమె రాసిన కాగితాల్లో ఇంత తక్కువ పొగడ్త ఉన్నది ఇంకొకటి లేదు. అయిపోయాక అలవాటుగా చివర ఒక పంక్తి చేర్చి కాగితం ఇచ్చింది. తాళాలక్క అక్షరాల కింద వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. చివర వేలు ఆగింది, కదలలేదు.

“‘మన్నించవలసిందిగా కోరుతున్నాను.’ ఇది నేను చెప్పలా.”

“అది పద్ధతక్కా. ఇలాంటి కాగితాల్లో అలాగే రాస్తారు.”

“తప్పు చేశానా?”

“లేదు.”

“మరి కొట్టేయండి.”

మైకు మేడమ్ గీత కొట్టింది. “శుభ్రంగా ఇంకో కాపీ రాసిస్తా.”

“వద్దు. కొట్టేసినట్టే ఉండనీండి. చూస్తారుగా.”

తాళాలక్క పెన్ను తీసుకుని నెమ్మదిగా సంతకం పెట్టింది. మైకు మేడమ్ ఆ పెన్ను అందుకుని, కాగితం తన వైపు తిప్పుకుంది. వేసవికి ఇంకా రెండు నెలలుంది. రెన్యువల్ కాగితం ఎవరి బల్ల మీంచి రావాలో గుర్తొచ్చింది, పెన్ను ఒక్క క్షణం గాలిలో నిలిచింది. తరవాత సంతకం కింద రాసింది: ‘ఈ తరగతిని ఆరేళ్లుగా నడుపుతున్నది నేను. ఈమెను రమ్మని పిలిచింది నేనే. బాధ్యత నాది.’ తన పూర్తి పేరు, హోదా, తేదీ వేసింది. ఆ తరగతికి సంబంధించిన ఏ కాగితం మీదైనా ఆమె పేరు పడటం అదే మొదటిసారి.

తాళాలక్క కాగితం లాక్కుని కింద కొత్తగా రాసినదాని మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టింది. మొదటి వాక్యం దాటింది. రెండోదాని మధ్యలో వేలు ఆగింది.

“మీరు పిలవలేదు మేడమ్.”

“అలా రాస్తే నీ మీద పడదక్కా. నేను రమ్మంటే వచ్చావని ఉంటుంది.”

“మీరు రమ్మనలేదు. నేనే వచ్చా.”

వేలు అక్కడే ఉంది. పైన హాల్లో ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. మైకు మేడమ్ ఆ వేలి పక్కన పెన్ను పెట్టి, ఆ వాక్యం కొట్టేసి, పైన సన్నగా రాసింది: ‘ఈమె తనంతట తానే వచ్చారు.’

వేలు ముందుకి జరిగింది.